శీతల శృంఖలలో తొలి లంకె

పండిన పంటను, పట్టిన చేపను కాలం కోరల నుండి కాపాడుకోవాలనే తపన మానవునికి అనాదిగా ఉన్నదే. మన పూర్వులు ఈ పనికి ఉప్పును, ఎండను, నూనెను, బెల్లాన్ని ఆశ్రయించారు. మామిడికాయ ఆవకాయగా మారింది. మామిడిపండు రసం చాపల మీద పొరలు పొరలుగా ఆరి తాండ్ర అయింది. సముద్రతీరంలో చేప ఉప్పుచేప అయింది. ఇవన్నీ తెలుగువారి భోజనానికి వన్నె తెచ్చినవే. అయితే ఈ పద్ధతులన్నింటిలోను ఒక సామాన్య లక్షణం ఉంది. అవి పదార్థాన్ని నిలవ చేస్తాయి గాని, దానిని దానిగా ఉండనివ్వవు. జాడీలోకి చేరిన తరువాత మామిడికాయకు పూర్వపు రుచి లేదు, రూపమూ లేదు. పదార్థం సహజగుణాన్ని చాలావరకు చెడనీయకుండా దానిని దూరదేశాలకు చేర్చగల సాధనాలలో చల్లదనానిదే అగ్రస్థానం.

ఉష్ణమండల వాసులమైన మనకు ఈ చల్లదనం ఒకప్పుడు దిగుమతి సరుకు. 1833లో అమెరికాలోని బోస్టన్ రేవు నుండి ‘టస్కనీ’ అనే ఓడ దాదాపు 180 టన్నుల మంచుగడ్డలతో బయలుదేరి, నాలుగు నెలల ప్రయాణం తరువాత కలకత్తా చేరింది. అప్పటికి సుమారు 100 టన్నుల మంచు కరగకుండా మిగిలింది. ఆ వ్యాపారం క్రమంగా మద్రాసుకు కూడా విస్తరించింది. అమెరికా మంచును నిలవ చేయడానికి 1842లో మద్రాసు సముద్రతీరాన ‘ఐస్‌హౌస్’ కట్టారు. నేడు వివేకానంద హౌస్‌గా పిలువబడుతున్న భవనం అదే. అటు తరువాత యంత్రాలు వచ్చాయి. 1882లో ‘డునెడిన్’ అనే తెరచాప ఓడ, శీతలీకరణ యంత్రం సహాయంతో, న్యూజిలాండ్ నుండి గొర్రెమాంసాన్ని 98 రోజుల ప్రయాణంలో చెడకుండా లండన్‌కు చేర్చింది. భూగోళం ఆ చివరనున్న పచ్చికబయలుకు, ఈ చివరనున్న నగరంలోని వంటింటికి ఆనాడు బంధుత్వం కలిసింది.

ఇప్పుడు ప్రవాహం దిశ మారింది. మంచును దిగుమతి చేసుకొన్న దేశమే మంచులో పొదిగిన ఆహారాన్ని ఎగుమతి చేస్తున్నది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో భారతదేశం 7,16,004 టన్నుల ఘనీభవించిన రొయ్యలను విదేశాలకు పంపి, 40 వేల కోట్ల రూపాయలకు పైగా ఆర్జించింది. పెంపకపు రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమస్థానం. భీమవరం పరిసరాలలోని చెరువులో పెరిగిన రొయ్య అమెరికాలోని ఒక గృహిణి చేతికి అందడానికి నెలరోజులకు పైగా పడుతుంది. ఇంత దూరం, ఇంత కాలం దానిని కాపాడే ఏర్పాటునే శీతల శృంఖల అంటారు. వాడుకలో దీనిని కోల్డ్ చెయిన్ అంటున్నారు. పట్టుబడి నుండి వంటింటి దాకా ఏ దశలోను చల్లదనం తెగిపోకుండా చూడడమే దీని సారాంశం.

ఈ శృంఖలను గురించి మాట్లాడేటపుడు మన దృష్టి సాధారణంగా పెద్ద పెద్ద నిర్మాణాల మీద నిలుస్తుంది. రేవులో వరుసలు తీరిన కంటైనర్లు, మేడల వంటి శీతల గిడ్డంగులు, విమానాశ్రయాలలోని సరుకుల ప్రాంగణాలు మనకు ప్రగతి చిహ్నాలుగా కనిపిస్తాయి. అవి అవసరమే, కాదనలేము. కాని ఈ శృంఖలలో అన్నింటికన్నా ముఖ్యమైన లంకె, అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురైన లంకె, చెరువు గట్టు మీద, తోట నీడలో ఉన్నదని నా అభిప్రాయం. ఆ తొలి లంకెను గట్టిపరచకుండా మిగిలినవాటి మీద ఎంత ధనం వెచ్చించినా ఆశించిన ఫలితం దక్కదు.

ఇందుకు కారణం చల్లదనం స్వభావంలోనే ఉంది. చల్లదనం ఉన్న నాణ్యతను నిలుపుతుంది. పోయిన నాణ్యతను తిరిగి తీసుకొని రాలేదు. నీటి నుండి వెలికి తీసిన క్షణం నుండే రొయ్యలో మార్పులు ఆరంభమవుతాయి. దాని శరీరంలోని ఎంజైములు పనిచేస్తూ పోతే పెంకు మీద, తల దగ్గర నల్లమచ్చలు ఏర్పడతాయి. సూక్ష్మజీవులు వృద్ధి పొందుతాయి. మన కోస్తాలో వేసవి ఉదయాన ఏడు గంటలకే ఎండ చురుక్కుమంటుంది. అటువంటి ఎండలో మంచు లేకుండా గడిచిన ఒక గంట, మంచులో గడిచే ఎన్నో గంటల కంటె ఎక్కువ హాని చేస్తుంది. ఆ తరువాత ఎంత ఖరీదైన యంత్రంలో గడ్డకట్టించినా, గడ్డకట్టేది అప్పటికే చెడడం మొదలైన రొయ్యయే. మైనస్ 18 డిగ్రీల వద్ద సూక్ష్మజీవులు వృద్ధి చెందవు గాని, అన్నీ చావవు. మంచు కరిగిననాడు అవి మళ్లీ మేల్కొంటాయి. ఆదిలోనే హంసపాదు పడితే గ్రంథమంతా దిద్దుకొంటూ పోవలసినదే గదా! ఇక్కడ దిద్దుబాటుకు కూడా అవకాశం లేదు.

తొలి లంకెకు కావలసినది గొప్ప శాస్త్రమూ కాదు. ఒక కిలో మంచు కరిగేటపుడు సుమారు 80 కిలోకేలరీల ఉష్ణాన్ని గ్రహిస్తుంది. ముప్పై డిగ్రీల వేడిమిలో ఉన్న కిలో రొయ్యలను సున్నా డిగ్రీలకు దించడానికి తీసివేయవలసిన ఉష్ణం ఇందులో సుమారు మూడవ వంతు. లెక్క ప్రకారం మూడు కిలోల రొయ్యలకు ఒక కిలో మంచు చాలు. కాని గాలి వేడి, పెట్టె వేడి, దారిలో కరిగిపోయే భాగం కలుపుకొంటే రొయ్యలతో సమానమైన బరువు మంచు కావాలి. రొయ్యకు, మంచుకు మధ్య ఖాళీ లేకుండా పొరలు పొరలుగా పేర్చాలి. మంచు శుభ్రమైన నీటితో చేసినదై ఉండాలి. కరిగిన నీరు బయటకు పోయే దారి ఉండాలి. ఇంతే. కాని పట్టుబడి రోజున మంచు లారీ ఆలస్యమైనా, మంచు ధర పెరిగిందని పాలు తగ్గించినా ఈ చిన్న లెక్క తప్పుతుంది.

తరువాతి దశల గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కర్మాగారంలో రొయ్యలను గడ్డకట్టించే విధానం నిజంగా అద్భుతమైనది. మాంసంలోని నీటిలో అధికభాగం మైనస్ 1, మైనస్ 5 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది. ఈ మెట్టును నెమ్మదిగా దాటితే పెద్ద పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాల పొరలను చీలుస్తాయి. వండేవారు మంచు కరిగించినపుడు రసమంతా కారిపోయి పీచు మిగులుతుంది. వేగంగా దాటిస్తే స్ఫటికాలు సూక్ష్మంగా ఉండి కణాలు చెక్కుచెదరవు. అందుకే అతిశీతల వాయువును బలంగా వీచి రొయ్యలను నిమిషాల వ్యవధిలో గడ్డకట్టిస్తారు. ఆపైన ఆరిపోకుండా పలుచని మంచుపూత పూస్తారు. ఇలా సిద్ధమైన సరుకు రీఫర్ కంటైనరులోకి చేరుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. రీఫర్ కంటైనర్ చల్లబరచడానికి ఉద్దేశించిన యంత్రం కాదు. అప్పటికే చల్లబడిన సరుకును ఆ స్థితిలో నిలిపి ఉంచే పెట్టె మాత్రమే. చల్లని గాలి దాని నేల మీది గాళ్ల గుండా ప్రవహించి, పెట్టెల నడుమగా పైకి లేచి, తిరిగి యంత్రాన్ని చేరుతుంది. లోపలి గోడ మీద ఒక ఎర్రగీత ఉంటుంది. ఇంకో నాలుగు పెట్టెలు పట్టించాలనే ఆశతో ఆ గీతను దాటి పేర్చితే గాలికి దారి మూసుకుపోతుంది. మైనస్ 18 డిగ్రీలకు చేరని సరుకును తొందరపడి ఎక్కిస్తే ప్రయాణం పొడవునా ఆ లోపం పూడదు. కొలంబో, సింగపూర్ వంటి రేవులలో ఓడ మారేటపుడు విద్యుత్తు తీగ కొద్ది గంటలు తగిలించకపోయినా లోపలి పరికరంలో ఆ సంగతి నమోదవుతుంది. విదేశీ కొనుగోలుదారుడు పెట్టె తెరవడానికి ముందే ఆ చిట్టాను చదువుకొంటాడు.

పండ్ల విషయం మరింత సున్నితమైనది. చల్లదనం అంటే అన్నింటికీ ఒకే అంకె కాదు. కోసిన తరువాత కూడా పండు శ్వాసిస్తూనే ఉంటుంది, వేడిని విడుస్తుంది. ద్రాక్షను సున్నా డిగ్రీల దరిదాపులలో ఉంచవచ్చు. మామిడిని, అరటిని అలా ఉంచితే చలికి దెబ్బతింటాయి. తొక్క నల్లబడుతుంది, పండు సరిగా మాగదు. వాటికి పదమూడు డిగ్రీలు, అటు ఇటుగా, అనుకూలం. మామిడికాయను చల్లని వేళ కోయాలి. తొడిమతో సహా కోయకపోతే సొన కారి తొక్క మీద మచ్చలు పడతాయి. కోసిన వెంటనే దానిలోని ఎండవేడిని తీసివేయాలి. ఈ పనులలో ఒక్కటి కూడా ఓడ మీద జరిగేది కాదు. అన్నీ తోటలోనే, రైతు కనుసన్నలలోనే జరగవలసినవి.

ఈ దృష్టితో మన దేశంలోని ఏర్పాట్లను పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2015లో జాతీయ శీతల శృంఖల అభివృద్ధి కేంద్రం ఒక అధ్యయనాన్ని వెలువరించింది. దాని ప్రకారం దేశానికి కావలసిన శీతల గిడ్డంగుల సామర్థ్యం సుమారు 3.5 కోట్ల టన్నులు కాగా, అప్పటికే దాదాపు 3.2 కోట్ల టన్నులు సమకూరింది. అదే అధ్యయనం, పొలాల చేరువలో పంటను శుభ్రపరచి, వర్గీకరించి, తొలిసారి చల్లబరచే ప్యాక్‌హౌస్‌లు 70,080 అవసరమని తేల్చింది. అప్పటికి ఉన్నవి 249 మాత్రమే! కావలసిన శీతల వాహనాలు 61 వేలకు పైగా ఉండగా, ఉన్నవి సుమారు 9 వేలు. గొలుసు మధ్యభాగం దాదాపు సిద్ధమైంది. మొదలు మాత్రం లేదు. చివరకు గిడ్డంగులలో కూడా అధికభాగం బంగాళాదుంపల కోసం నిర్మించినవే. ఆ తరువాతి సంవత్సరాలలో కొంత కృషి జరిగింది. 2020లో కేంద్రప్రభుత్వం లక్ష కోట్ల రూపాయల వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధిని ప్రకటించి, రెండు కోట్ల రూపాయల వరకు రుణాలపై మూడు శాతం వడ్డీ రాయితీ కల్పించింది. ఇది హర్షణీయం. కాని అంతటి అంతరం ఒక్క పథకంతో పూడేది కాదు.

తొలి లంకె బలపడితే ఏమి సాధించవచ్చునో తెలుసుకోవడానికి దూరం పోనవసరం లేదు. కరవుకు మారుపేరుగా వినిపించే అనంతపురం జిల్లాలోని తాడిపత్రి నుండి 2020 జనవరిలో ఒక ప్రత్యేక రైలు ముంబయి సమీపాన గల జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు బయలుదేరింది. అందులోని 43 శీతల కంటైనర్లలో ఉన్నవి సుమారు 980 టన్నుల అరటిపండ్లు. అవి విదేశాలకు ఎగుమతి కావలసినవి. గెల కోసిన చోటికి దగ్గరలోనే పండ్లను శుభ్రపరచి, పెట్టెలలో సర్ది, చల్లబరచే ఏర్పాటు ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. నీటిచుక్కకు వెతుక్కొనే నేల మీద పండిన పండు సముద్రాలు దాటగలిగింది.

ఈ వాదానికి కొన్ని అభ్యంతరాలు లేకపోలేదు. పల్లెపల్లెకు చల్లదనాన్ని చేర్చడం ఆచరణలో అసాధ్యమని కొందరంటారు. కాని ఈ దేశం ఆ పనిని ఇదివరకే చేసి చూపింది. 1970లో ఆరంభమైన క్షీరవిప్లవం వల్ల లక్షలాది పాడిరైతుల పాలు రోజుకు రెండు పూటలా ఊరిలోనే సేకరింపబడి, త్వరితంగా శీతల కేంద్రాలకు చేరుతున్నాయి. పోలియో చుక్కల మందు మంచుపెట్టెలో ఆరోగ్య కార్యకర్త భుజం మీద కొండకోనల దాకా ప్రయాణించింది. ఆ మందు సీసా మీది చిన్న గుర్తు వేడి సోకితే రంగు మారి నిజం చెప్పేది. 2014 మార్చిలో భారతదేశం పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ పొందిందంటే అందులో ఆ మంచుపెట్టెకు కూడా భాగం ఉంది. చుక్కల మందుకు సాధ్యమైనది చేపకు, పండుకు ఎందుకు సాధ్యం కాదు?

విదేశీయుల భోజనపు బల్ల కోసం ఇంత శ్రమ ఎందుకన్నది మరొక ప్రశ్న. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఎగుమతి సరుకుకు మంచు పరచిన చేతులే, మన సంతకు వచ్చే చేపను ఎండలో గోనెపట్టా మీద పరుస్తున్నాయి. విదేశంలో తనిఖీ అధికారి సరుకును తిప్పి పంపుతాడు. మన వినియోగదారునికి అటువంటి అధికారి లేడు. అందువల్లనే తొలి లంకె ముఖ్యమని నా వాదం. రేవులోని కంటైనర్ ఎగుమతిదారునికి మాత్రమే ఉపయోగపడుతుంది. పల్లెలోని మంచు కర్మాగారం, ప్యాక్‌హౌస్ మాత్రం అమెరికాకు వెళ్లే రొయ్యకు, అంగడికి వెళ్లే చేపకు సమానంగా ఉపయోగపడతాయి. తగిన శీతలీకరణ లేనందువల్ల 2017లో ప్రపంచం 52.6 కోట్ల టన్నుల ఆహారాన్ని, అంటే మొత్తం ఉత్పత్తిలో 12 శాతాన్ని, కోల్పోయిందని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2022లో వెల్లడించాయి. ఆ నష్టంలో అధికభాగం పేదదేశాలదే, ఆ దేశాలలోని పేదరైతులదే.

శీతలీకరణ విద్యుత్తును విరివిగా వాడుకొంటుందని, అందులో వాడే కొన్ని వాయువులు భూతాపాన్ని పెంచుతాయని పర్యావరణవేత్తలు చేసే హెచ్చరిక సత్యమే. ఆ వాయువులను క్రమంగా తగ్గించడానికి 2016లో కిగాలీ నగరంలో ప్రపంచదేశాలు ఒప్పందానికి వచ్చాయి. సౌరశక్తితో నడిచే చిన్న శీతల గదులు వాడుకలోకి వచ్చాయి. అయినా ఒక సంగతి మరవరాదు. కుళ్లిపోయిన పండుతో పాటు దానికి పెట్టిన నీరు, ఎరువు, విద్యుత్తు, మనిషి చెమట కూడా కుళ్లిపోతాయి.

అన్నింటికన్నా ముఖ్యమైనది న్యాయానికి సంబంధించిన విషయం. నేడు ఉష్ణోగ్రతను నమోదు చేసే చిట్టా సాధారణంగా కర్మాగారంలోనే మొదలవుతుంది. అంతకు ముందు ఏమి జరిగిందో వ్రాసిపెట్టేవారు అరుదు. మంచు ఎవరి వల్ల ఆలస్యమైనా, లారీ ఎక్కడ ఆగినా, సరుకులో లోపం కనిపించినపుడు ధరలో కోత పడేది చాలావరకు రైతుకే. తన తప్పు కాదని చూపడానికి అతని వద్ద ఏ ఆధారమూ ఉండదు. పాలకేంద్రంలో వెన్నశాతాన్ని రైతు కళ్లెదుటనే పరీక్షించి ధర కట్టే సంప్రదాయం ఉంది. అదే విధంగా పట్టుబడి గట్టు మీదనే రొయ్యల ఉష్ణోగ్రతను, మంచు పాలును నమోదు చేసి, దాని ప్రతిని రైతుకు ఇవ్వాలి. చిట్టా చెరువు దగ్గరే మొదలైనపుడు బాధ్యత ఎక్కడ తప్పిందో తేటతెల్లమవుతుంది. కర్మాగారాలలో గంటల తరబడి మంచుతో తడిసిన రొయ్యలను ఒలిచే శ్రామికులలో అధికసంఖ్యాకులు స్త్రీలు. వారి చేతికి తొడుగు, కాలికి జోడు, వెచ్చని విశ్రాంతి గది కూడా ఈ శృంఖలలో భాగమేనని గుర్తించాలి. రొయ్యకు కావలసిన చల్లదనాన్ని లెక్కగట్టినవారు, మనిషికి కావలసిన వెచ్చదనాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం ధర్మం కాదు.

శ్రద్ధ అనే గుణానికి యంత్రం ప్రత్యామ్నాయం కాదు. 2025 మే నెలలో ముంబయి నుండి విమానాలలో అమెరికాకు చేరిన సుమారు పదిహేను మామిడి సరుకులను అక్కడి అధికారులు పత్రాలలోని లోపం కారణంగా నిరాకరించారు. తిరిగి తెప్పించుకొనే వ్యయం భరించలేక వాటిని అక్కడే ధ్వంసం చేయవలసి వచ్చింది. పండు చెడలేదు, చల్లదనం తప్పిందనే ఆరోపణా లేదు. ఒక కాగితం మీద చూపవలసిన శ్రద్ధ లోపించింది. చేతికి వచ్చిన పంట నోటికి రాకపోవడం అంటే ఇదే.

కనుక శీతల శృంఖలను కేవలం యంత్రాల వరుసగా కాక, ఒకరి తరువాత ఒకరు నిలబెట్టుకోవలసిన మాటగా భావించాలి. రైతు సంఘాలు, మత్స్యకార సహకార సంఘాలు, మహిళా స్వయం సహాయక బృందాలు స్వయంగా నిర్వహించుకొనే మంచు కేంద్రాలకు, ప్యాక్‌హౌస్‌లకు ప్రభుత్వాలు ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలి. ఎగుమతుల వల్ల లాభం పొందేవారు అందులో తమ వంతు భారం వహించాలి. శీతలీకరణ యంత్రాలను బాగుచేయగల యువకులను, యువతులను పల్లెలలోనే తయారుచేయాలి. నేడు కళాశాలలలో భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థికి మంచు కరిగే వేళ గ్రహించే గుప్తోష్ణం ఒక పరీక్షాప్రశ్న మాత్రమే కావచ్చు. చెరువు గట్టున నిలిచిన రైతుకు అది ఏడాది కష్టానికి దక్కే ధర. ఆ రెండింటికి ఉన్న సంబంధాన్ని గ్రహించి, తన చదువును ఆ గట్టు దాకా తీసుకొని వెళ్లే యువతరం మీదనే ఈ తొలి లంకె బలం ఆధారపడి ఉంది.